మా రోజుల్లో ముక్కకు నంబరుండె

ఉప్పునుంతల బస్టాండు కాడ హోటల్ల ఒక గంట కూసుంటే చాలు, ఈ కాలపు షోకులన్నీ తెలిసొస్తయి. ఒకనికి ఉస్మానియా సిక్కా రూపాయలు కావాలె. ఇంకొకనికి తాత వాడిన రేడియో షోకేసుల పెట్టుకోవాలె. తాత బతికున్నప్పుడు ఆ రేడియోకు సెల్లు కొనియ్యమంటే ఒక్కడూ కొనియ్యలే. ఇప్పుడు పాత సామాను అంటే పానం పెడుతున్నరు. పాత మనిషి కూసుంటే మాత్రం బెంచీ మీద జర జరుగుమంటరు.

ఈ షోకు ముదిరి ముదిరి యుద్ధం సామాను దాక వచ్చింది. 2016ల బజాజ్ కంపెనీ 'వీ' అని ఒక మోటర్ సైకిల్ తెచ్చింది, యాదికుండే ఉంటది. 1971 యుద్ధంల పనిచేసిన విక్రాంత్ ఓడను ముంబైల పాత ఇనుము కింద విరగ్గొడితే, ఆ ఇనుము కొంత తెచ్చి ఈ బండ్లల్ల కలిపిండ్రు. మా దిక్కు పోరగాండ్లు గూడ కొన్నరు. పెట్రోల్ బంకు కాడ ఒకడు ట్యాంకు మీద చెయ్యేసి, "తాతా, ఇది యుద్ధం చేసిన ఇనుము" అన్నడు. మంచిదే బిడ్డా, మరి విక్రాంత్ మీదికెళ్లి లేచి పోయిన ఫైటర్ విమానం పేరేంది అని అడిగిన. వాడు నా మొఖం చూసి, "ఓడ మీద విమానమెందుకుంటది తాతా?" అన్నడు.

సీ హాక్ రా నాయనా. 1971 డిసెంబర్ల చిట్టగాంగ్ మీద, కాక్స్ బజార్ మీద బాంబులేసొచ్చినయి. ఆ ఓడను కట్టిందే విమానాల కోసం. ఇనుమైతే కొనుక్కున్నడు, అది చేసిన పని మాత్రం వానికి ఎవరూ చెప్పలే, వాడు అడగలే.

నేనిట్ల రంధి పెట్టుకునేతందుకు కారణముంది. నేను వాయుసేనల ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గ చేసిన. తాంబరంల ట్రేడు నేర్చుకొని, సగం జవానీ నాట్ విమానం కింద పండుకొనే గడిపిన. నాట్ అంటే బుడ్డ ఫైటర్. బెంగుళూరుల హెచ్.ఏ.ఎల్. తయారు చేసేది. ముక్కు నుంచి తోక దాక తొమ్మిది మీటర్లు గూడ లేదు. అంత చిన్నదాంట్ల ఇంజను, రెండు ముప్పై మిల్లీమీటర్ల ఏడెన్ ఫిరంగులు, పైపులు, వైర్లు అన్నీ కుక్కినరు. పానెల్ విప్పి లోపటికి చెయ్యి పెడితే, బయటికొచ్చేసరికి ముంజేతి మీద తోలు గీసుకపోయేది. పైలట్లకు ముద్దు, మాకు మొద్దు. అయితేనేం, 1971 నవంబర్ 22న బొయ్రా మీద పాకిస్తాన్ సేబర్లను కూల్చింది ఈ బుడ్డదే. ఆ నాడు పట్టుబడ్డ ఇద్దరు పైలట్లల్ల ఒకాయన, పర్వేజ్ మెహదీ ఖురేషీ, పెద్దగైనంక పాకిస్తాన్ వాయుసేనకే అధిపతి అయిండు.

మా రోజుల్లో ప్రతి విమానానికి ఫారం 700 అని ఒక బుక్కు ఉండె. ఏ రోజు ఏ భాగం విప్పినవ్, ఏది మార్చినవ్, కొత్త దాని నంబరెంత, పాత దాని నంబరెంత, అన్నీ రాసి కింద సంతకం పెట్టాలె. సంతకం పెట్టినంక స్క్రూ వదులైతే అది నీ మెడకే. సాయంత్రం టూల్‌కిట్ల ఒక్క స్పానర్ తక్కువొస్తే విమానం లేవదు. అది దొరికేదాక ఎవ్వడూ అన్నానికి పోడు.

విమానం కూలిందనుకో. కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ కూసుంటది. పొలాలల్ల, తుప్పలల్ల పడ్డ ప్రతి తునకను ఏరి, ఏడ దొరికిందో రాసి, చీటీ కట్టి, హ్యాంగర్ల నేల మీద విమానం ఆకారంల పరిచేటోళ్లం. రెక్క ముక్కలు రెక్క జాగల, తోక ముక్కలు తోక జాగల. ఒక రివెట్ తెగిన తీరు చూసి, లోహం అలిసి తెగిందా, గుద్దుకుంటే తెగిందా చెప్పే పెద్దలుండె. లోహం అలిసిపోయి తెగితే అంచు మీద సన్నటి గీతలు వరుసగ కనపడుతయి, గుద్దుకుంటే గరుకుగ చిరుగుతది. అట్ల పరిచిన నేల మీద ఎవ్వడూ నవ్వి మాట్లాడేటోడు కాదు. గుర్తు కోసమని అండ్లకెళ్లి ఒక ముక్క జేబుల ఏసుకునే ఆలోచన వస్తే వానికి ఆ రోజే నౌకరి పోయినట్టు. ఆ ముక్క సాక్షి. దాన్ని నమ్ముకొనే ఇంకో పైలట్ రేపు పైకి పోతడు.

గిప్పుడు ఏమైందంటే, మా మనుమడు మాదాపూర్ దిక్కు సాఫ్ట్‌వేర్ నౌకరి చేస్తడు. మొన్న దసరాకొచ్చిండు. బతుకమ్మకు పూలు తెమ్మంటే తేలేదు గని, సూట్‌కేసులకెళ్లి ఒక మఖ్మల్ డబ్బీ తీసిండు. లోపట గాజు తీరు పారదర్శకమైన బిళ్ల. దాని నడుమ అంగుళమంత లోహం ముక్క.

"తాతా, స్పిట్‌ఫైర్. ఒరిజినల్. రెండో ప్రపంచ యుద్ధంది. సర్టిఫికెట్ గూడ ఉంది."

ఎంత పెట్టినవంటే ఒక నెల ఇంటి కిరాయి అన్నడు. మాదాపూర్ కిరాయి. కండ్లద్దాలు పెట్టుకొని, వాకిట్ల ఎండకు పట్టి చూసిన. రేకే. ఒక పక్క లేతాకుపచ్చ రంగు మచ్చ ఉంది. కాక్‌పిట్ లోపట పూసే రంగు అట్లనే ఉంటది, అబద్ధం కాదు. ఒక రివెట్ తల, పక్కన ఇంకో రివెట్ ఊడిన బొక్క. మూడు అంచులు మాత్రం తళతళ మెరుస్తున్నయి. కూలిన విమానం ముక్క అంచు మెరవదు. చిరుగుతది, ముడుచుకుంటది, మట్టిల ఏండ్లు పడుంటే తెల్లగ పొట్టు లేస్తది. మెరుస్తుందంటే మొన్న మొన్ననే కట్టర్‌తోని కోసిండ్రన్నట్టు. ఎవడో ఒక పెద్ద పానెల్ రేకు దొరికిచ్చుకొని, చాక్లెట్ బిళ్లలంత ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్క ఒక్కొక్కనికి అమ్మిండు.

"నంబరేదిరా?" అన్న.

"ఏం నంబరు?"

"ఏ విమానంది? ఎవడు నడిపిండు? ఏడ కూలింది?"

వాడు సర్టిఫికెట్ చేతిల పెట్టిండు. రంగు రంగుల అచ్చు, కింద సంతకం, గద్ద బొమ్మ. అండ్ల స్పిట్‌ఫైర్ అని ఉంది, ప్రపంచ యుద్ధం అని ఉంది, అసలు సిసలు అని ఉంది. విమానం నంబరు లేదు. సర్వే నంబరు లేని పట్టా పాసుబుక్కు ఎట్లనో అది అట్ల. ఎంత పెద్ద సంతకమున్నా బ్యాంకోడు లోనిస్తడా?

ఆ కోయకముందున్న పానెల్ రేకు మీద నంబరు ఉండే ఉంటది. అదీ నా కోపం. స్పిట్‌ఫైర్ మొదటి రకం విమానాల భాగాలకు 300తో మొదలయ్యే నంబర్లు కొట్టేటోళ్లు, ఎందుకంటే సూపర్‌మెరీన్ కంపెనీ లెక్కల ఆ విమానం 300వ డిజైన్. పక్కన తనిఖీ చేసినోని ముద్ర. ఇంగ్లండ్‌ల పొలాలల్ల దున్నుతుంటే తేలిన రేకును కడిగి, ఆ 300 కనపడంగనే ఇది హరికేన్ కాదు, స్పిట్‌ఫైరే అని తెలుసుకుంటరు. హరికేన్‌కైతే లోపల ఉక్కు పైపులుంటయి, కీలు కాడికొచ్చేసరికి గుండ్రటి పైపును చదరంగ నొక్కి బోల్టులు బిగిస్తరు. ఆ చదరం చూస్తే గుర్తువట్టొచ్చు. ఇంకా లోతుకు తవ్వితే బంక మట్టిల మెర్లిన్ ఇంజను దొరుకుతది. అది పన్నెండు సిలిండర్ల బరువు, కూలినప్పుడు అన్నింటికంటె లోతుకు దిగేది అదే. ఇంజను నంబరుతోని విమానం నంబరు పట్టుకొని, దాన్ని స్క్వాడ్రన్ రోజువారీ రికార్డుతోని కలిపితే పైలట్ పేరు తేలుతది, ఏ రోజు ఎన్ని గంటలకు లేచిండో తేలుతది.

తవ్వనీకె గూడ కానూనుంది. 1986ల బ్రిటన్ ఒక చట్టం చేసింది. కూలిన సైనిక విమానం ఏదైనా సరే, రక్షణ శాఖ లైసెన్సు లేకుంటే ముట్టుకోవద్దు. మనిషి దేహం ఇంకా లోపట ఉంటదని అనుమానముంటే మామూలుగ లైసెన్సు దొరకదు. మన నేవీ గూడ అదే మర్యాద పాటించింది. విశాఖపట్నం కాడ 1971ల మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని 2024ల సముద్రం అడుగున గుర్తువట్టింది గని, అండ్ల పోయినోళ్ల మీద గౌరవంతోని దాన్ని కదిలియ్యలే. శత్రువే. అయినా సమాధిని తవ్వరు.

ఇదంతా చెప్తే మనుమడు, "సరే తాతా, మనకు ఇంగ్లండ్ విమానాలతోని ఏం సంబంధం, ఏదో షోకు" అన్నడు. అగో, గక్కడ నాకు ఒళ్లు మండింది. సంబంధమెందుకు లేదు?

మొదటి ప్రపంచ యుద్ధం కాలంల మన నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిషోళ్లకు ఒక పూర్తి స్క్వాడ్రన్‌కు సరిపోయే విమానాలు కొనిచ్చిండు. అది 110వ స్క్వాడ్రన్. అప్పటి నుంచి దాని పేర్లనే హైదరాబాద్ అని వచ్చింది. 1918 సెప్టెంబర్ల ఫ్రాన్స్‌కు పోయింది. అవి డీహెచ్ 9ఏ విమానాలు. ఇద్దరు కూసునేవి, కట్టెతోని కట్టి గుడ్డ తొడిగినవి, ముందట నాలుగు వందల గుర్రాల లిబర్టీ ఇంజను. నిజం చెప్పాలె గనక చెప్తున్న, అవి ఫైటర్లు కాదు, పగటి పూట పోయి బాంబులేసొచ్చేటివి. ఒక్కొక్క విమానం పక్కన నిజాం ప్రభువు బహూకరించింది అని ఇంగ్లీషుల రాసి, హైదరాబాద్ అని నంబరేసిండ్రు.

అండ్ల ఒకటి ఎఫ్ 1010. దాని మీద హైదరాబాద్ నంబర్ 12ఏ అని ఉండె. 1918 అక్టోబర్ 5న జర్మనీ మీదికి దాడికి పోయి, మళ్ల రాలే. శత్రువుల నేల మీద దిగింది. లోపలున్న ఇద్దరూ ఖైదీలైండ్రు. జర్మనోళ్లు ఆ విమానాన్ని విరగ్గొట్టి పొయ్యిల పెట్టొచ్చు. పెట్టలే. దాచిపెట్టిండ్రు. తర్వాత బెర్లిన్ల విమానాల మ్యూజియంల నిలవెట్టిండ్రు. రెండో యుద్ధమొచ్చింది, బెర్లిన్ మీద బాంబులు పడవట్టె. వేసేది ఎవరు? ఆ విమానం సొంతదార్లే. అప్పుడు జర్మనోళ్లు కొన్ని విమానాలను పోలండ్ దిక్కు తరలించిండ్రు, అండ్ల మనది గూడ పోయింది. యుద్ధమైపోయినంక అది పోలండ్ చేతుల్నే ఉండిపోయింది. చివరికి 1977ల లండన్‌లోని ఆర్.ఏ.ఎఫ్. మ్యూజియమోళ్లు అడిగిండ్రు. ఊకె ఇయ్యలే పోలండోళ్లు. మార్పిడి పెట్టిండ్రు. బదులుగ ఏమిచ్చిండ్రనుకున్నరు? ఒక స్పిట్‌ఫైర్.

మనుమనికి రెండుసార్లు చెప్పిన. పూర్తి స్పిట్‌ఫైర్, ముక్క కాదు. రెక్కలు, తోక ఉన్నదాన్ని ఇచ్చి, హైదరాబాద్ పేరున్న పాత కట్టె బండిని తెచ్చుకున్నరు. ఏండ్లు పట్టి బాగు చేసి హెండన్‌ల పెట్టిండ్రు. నువ్వేమో నెల కిరాయి పెట్టి అంగుళం రేకు తెచ్చుకున్నవ్.

ఇంకొకటి. ఆ డబ్బులు ఎవరివి? నిజాం దగ్గర వజ్రాలున్నయి, ఒప్పుకుంట. కని ఖజానా నింపింది ఎవరు? మా పాలమూరు ఊర్లు, నాగర్‌కర్నూలు, వనపర్తి, అచ్చంపేట దిక్కు ఎండిన చెలకలు. దుందుభి వాగుల నీళ్లు పారిన ఏడు పండినట్టు, పారని ఏడు ఎండినట్టు. శిస్తు మాత్రం రెండేండ్లకూ ఒక్కటే. రెండో యుద్ధం కాలంల ఇంకా ఘోరం, లెవీ గల్ల అని ఇంటి గాదెల నుంచి కొలుచుకపోయిండ్రు. తిననీకె జొన్నలు దాచుకుంటే నేరం. మా ఇంట్ల పెద్దలు లెవీ పేరెత్తితే గొంతు తగ్గించేటోళ్లు, అప్పటికి ఆ అమీన్లు, ఆ పటేండ్లు పోయి ఎన్నో ఏండ్లైనా సరే. విమానం పక్కన రాసిన పేరు రాజుది. ఆ అక్షరాలకు పైసలు ఇచ్చుకున్నది మేం.

రెండో యుద్ధంల హైదరాబాద్ పేరు ఫైటర్లకు గూడ ఎక్కింది. 152వ స్క్వాడ్రన్ హైదరాబాద్, 253వ స్క్వాడ్రన్ హైదరాబాద్ స్టేట్. మొదటిదానికి స్పిట్‌ఫైర్లు, రెండోదానికి హరికేన్లు. 1940 ఎండాకాలం ఇంగ్లండ్ మీద జర్మనోళ్లు విరుచుకపడ్డప్పుడు 152 వార్మ్‌వెల్ నుంచి లేచి పోర్ట్‌లాండ్ ఓడరేవు మీద కొట్లాడింది. దాని ముద్ర మీద ఏముందో తెలుసా? నిజాం టోపీ. అవును, మన దస్తార్. కింద 'నమ్మకమైన మిత్రుడు' అనే మాట ఇంగ్లీషుల. అది బ్రిటిషోళ్లు నిజాంకు ఇచ్చుకున్న బిరుదే. 253ల టామ్ గ్లీవ్ అనే ఆఫీసర్ ఆగస్టు 31న మంటల్ల చిక్కి ఒళ్లు కాలి దిగిండు. తర్వాత కాలిన పైలట్లంత ఒక సంఘం పెట్టుకున్నరు, డాక్టర్ మెకిండో వాళ్ల చర్మాలు అతికినందుకు దాని పేరు గినీ పిగ్ క్లబ్. దానికి మొదటి పెద్ద ఈ గ్లీవే. హైదరాబాద్ స్టేట్ అని పేరున్న స్క్వాడ్రన్ల కాలిన మనిషి ముచ్చట హైదరాబాద్ల ఎంతమందికి ఎరుక? స్పిట్‌ఫైర్ ముక్క కావాలంటే 152ది వెతుక్కోరా, కనీసం మనకు చుట్టరికమన్నా ఉంటది అన్న. "అట్ల గూడ అమ్ముతరా?" అన్నడు. అమ్ముడు తప్ప ఇంకో మాటే రాదు వీనికి.

తమాషా ముచ్చట ఇంకొకటుంది. యుద్ధం మొదట్ల స్పిట్‌ఫైర్‌కు కెమెరాలు బిగించి శత్రువుల మీద ఫోటోలు తీసే పని మొదలువెట్టినోడు సిడ్నీ కాటన్, ఆస్ట్రేలియా మనిషి. అదే కాటన్ 1948ల లంకాస్ట్రియన్ విమానాలల్ల కరాచీ నుంచి రాత్రికి రాత్రి తుపాకులు తెచ్చి నిజాం రాజ్యంల దించిండు. అయినా సెప్టెంబర్ 13 నుంచి 17 దాక, ఐదు రోజుల్ల భారత సైన్యం చేసిన పోలీస్ యాక్షన్ అయిపోయింది. ఆ విమానాల ముక్క ఒక్కటన్నా దొరికితే నేను గూడ కొంటుంటి, మనుమని మీద కోపం పక్కకు పెట్టి.

మా రోజుల్లో అన్నీ మంచిగనే దాచినమని గాదు నేననేది. దాచలే. కాలం చెల్లిన విమానం వేలంల పోతే కొన్నోడు గొడ్డలితోని విరిచి తూకానికి అమ్మేటోడు. ఇంటి కాడ సిల్వర్ గిన్నె ఒంకర పోతే పాత సామాన్ల బండోనికేసి ఉల్లిగడ్డలు తీసుకున్నంత సులువుగ పోయినయి. బీకనేర్ సంగతి చూడుండ్రి. మొదటి యుద్ధమైనంక బ్రిటిషోళ్లు మహారాజా గంగా సింగ్‌కు డీహెచ్ 9 విమానాలిచ్చిండ్రు. ఒకటి ఇప్పటికీ జునాగఢ్ కోటల పెట్టి చూపెడుతరు. మిగిలినవి ఏడ పడున్నయంటే ఏనుగుల కొట్టంల. కట్టెకు చెదలు వట్టింది. ఇంగ్లండ్ నుంచి విమానాలు బాగు చేసేటోళ్లొచ్చి వాటిని కొనుక్కపోయిండ్రు. ఒకటి డక్స్‌ఫర్డ్ మ్యూజియంల నిలవడ్డది. ఇంకొకటి 2019ల మళ్ల గాల్లోకి లేచింది. ఏనుగుల కొట్టంల చెదలు తిన్నదే అది.

కని మా తరమోళ్ల పనితనం గూడ చెప్పాలె. రెండో యుద్ధమైపోయినంక బ్రిటిషోళ్లు లిబరేటర్ బాంబర్లను కాన్పూర్ చకేరీల వదిలిపెట్టి పోయిండ్రు. మళ్ల ఎగరకుండ పాడుచేసి మరీ పోయిండ్రు. హెచ్.ఏ.ఎల్. పైలట్ జంషెడ్ మున్షీ వాటిని ఒక్కొక్కటిగ బెంగుళూరుకు ఎగరేసుకొచ్చిండు. మన మెకానిక్కులు దీన్ని విప్పి దానికి, దాన్ని విప్పి దీనికి బిగించి నలభైకి పైన విమానాలను లేపిండ్రు. 1968 దాక వాయుసేనల పనిచేసినయి. వేరే దిక్కు దొరకుడు కష్టమైనప్పుడు లండన్ మ్యూజియమోళ్లు, అమెరికా మ్యూజియమోళ్లు మన దగ్గరికొచ్చి లిబరేటర్ ఉందా అని అడిగిండ్రు. ఇచ్చినం. అవి ఇప్పుడు వాళ్ల హాళ్లల్ల మెరుస్తున్నయి. మన ఢిల్లీ పాలం మ్యూజియంల గూడ ఒకటుంది. జపానోళ్ల ఆత్మాహుతి విమానం ఓకా గూడ అక్కడుంది, పోయినోళ్లు చూసి రాండ్రి.

మనుమడు ఇవన్నీ విని, ఫోన్ల ఇంకొకటి చూపిచ్చిండు. బర్మాల భూమిల పాతిపెట్టిన స్పిట్‌ఫైర్లు, పెట్టెలల్ల, గ్రీజు పూసి. నవ్వొచ్చింది. డేవిడ్ కండల్ అని ఒక ఇంగ్లండ్ రైతు ఏండ్లకేండ్లు అదే నమ్ముకొని తిరిగిండు. 2013 జనవరిల రంగూన్ విమానాశ్రయం కాడ తవ్వించిండు గూడ. ఒక్క స్పిట్‌ఫైర్ దొరకలే. ఇండ్ల నాకు నచ్చిన సంగతొకటుంది. దొరకకున్నా ఆ మనిషి పట్టు విడవలే. మా ఊరి పోరగాండ్లు గుప్తనిధుల పేరు మీద గుడి దగ్గర తవ్వుతరు గద, వాళ్లకు ఆ పట్టు గూడ ఉండదు. రెండు రాత్రులు తవ్వి, పోలీసులొస్తే గడ్డపారలు ఇడిసిపెట్టి ఉరుకుతరు. అన్నట్టు 152వ స్క్వాడ్రన్ గూడ యుద్ధం చివర్ల బర్మాలనే కొట్లాడింది. నిజాం టోపీ అక్కడి అడవుల మీద గూడ తిరిగిందన్నట్టు.

ఇంతల వాడు ఇంకో ఆర్డర్ పెట్టినట్టు మెల్లగ చెప్పిండు. యుద్ధ విమానం ఆల్టిమీటర్, డయల్ గాజుతో సహా, బల్ల మీద పెట్టుకుంటడంట. అది ఇంట్లకు రానియ్య అన్న. షోకు మీద కోపంతోని కాదు. ఆ కాలపు డయళ్ల మీద అంకెలు చీకట్ల మెరవనీకె రేడియం కలిపిన రంగు పూసేటోళ్లు. బండ్ల నంబర్ ప్లేట్లకు అతికించే రేడియం కాదు, అసలు రేడియం. కొన్నేండ్లకు మెరుపు పోతది, అండ్ల కలిపిన మెరిసే పొడి చెడిపోతది గనక. మెరుపు పోయింది గద అని జనం భయం ఇడుస్తరు. రేడియం మాత్రం ఏడికీ పోదు, సగానికి తగ్గనీకె 1600 ఏండ్లు పడుతది. గాజు పగిలి, ఎండిన రంగు పొడిగ రాలి ముక్కులకు, కడుపుల పోతే అది ఎముకల చేరుతది. మాకు పాత డయళ్లను విప్పొద్దని, పగిలితే చేత్తో ముట్టొద్దని పట్టువట్టి చెప్పేటోళ్లు. వీడు దాని పక్కన పెట్టుకొని బిర్యానీ తింటడంట. "అమ్మేటోడు చెప్పలే తాతా" అన్నడు. ఎట్ల చెప్తడు? చెప్తే కొంటవా?

ఇదంతా దూరం ముచ్చట అనుకుంటే మన విశాఖపట్నమే ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులేసినయి. పేలకుండ మిగిలిన బాంబు ఒకటి బీచ్ రోడ్డు మీది విశాఖ మ్యూజియంల పెట్టిండ్రు. అది ఏ రోజు పడ్డదో, ఎవరు ఏసిండ్రో, ఏ ఊరి మీద పడ్డదో మొత్తం తెలుసు. టికెట్టు కొనుక్కొని పోతే చాలు, నెల కిరాయి అక్కర్లేదు. మావోడు విశాఖకు పోయిండు, కంపెనీ ట్రిప్పుల. ఫోటోలన్నీ చూపెట్టిండు. సముద్రం, రొయ్యలు, సబ్‌మెరైన్ ముందట నిలవడి రెండు వేళ్లు ఎత్తిన ఫోటో. బాంబు ఫోటో లేదు.

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌ల మిగ్ 21కు ఆఖరి సలాం కొట్టిండ్రు. 1963ల వచ్చిన విమానం, ఆరు పదుల ఏండ్లు పనిచేసింది. టీవీల చూస్తుంటే నా పక్కనున్నోళ్లు దాన్ని ఎగిరే శవపేటిక అంటుండ్రు. వాళ్లకు పేపర్లు నేర్పిన మాట అది. ఆ విమానం కింద చెమట కార్చినోనికి ఆ మాట రాదు. ఇగ చూడుండ్రి, రేపో మాపో వాటి రేకులు గూడ బిళ్లలల్ల ముంచి అమ్మకానికి పెడుతరు. పెడితే పెట్టిండ్రు, నా కోరిక ఒక్కటే. కోయకముందు ప్రతి రేకు మీద నంబరు రాసుకోండ్రి. ఏ విమానంది, ఏ స్టేషన్ల ఉండె, ఆ ఫారం 700 మీద ఎవరెవరి సంతకాలున్నయి. పైలట్ పేరొక్కటే కాదు, కింద పండుకొని పనిచేసినోని పేరు గూడ. అండ్ల తెలుగోళ్ల పేర్లు ఎన్ని తేలుతయో నాకు తెలుసు.

మనుమడు హైదరాబాద్‌కు పోయే ముందర ఆ స్పిట్‌ఫైర్ బిళ్లను మా ఇంటి షోకేసుల పెట్టి పోత, కిరాయి ఇంట్ల భద్రం లేదు అన్నడు. పెట్టు, కని నేనొక కార్డు రాసి దాని ముందట పెడుత అన్న. రాసిన. "ఇది స్పిట్‌ఫైర్ విమానం లోపటి రేకు అయ్యుండొచ్చు. ఏ విమానందో నంబరు లేదు. నడిపినోని పేరు లేదు. పెద్ద రేకును కోసి అమ్మిండ్రు."

వాడు చదివి మొఖం గంటు పెట్టుకున్నడు. "తాతా, గట్ల రాస్తే రేపు మళ్ల అమ్మాలంటే ఎవ్వడు కొంటడు?"

"అమ్మనీకె తెచ్చినవా, దాచుకోనీకె తెచ్చినవా?"

"రెండూ" అన్నడు. నిజం చెప్పిండు, అందుకు మెచ్చుకోవాలె.

మా కోడలు మాత్రం కార్డు చేతిలకు తీసుకొని అటూ ఇటూ తిప్పి, "మామా, అక్షరాలు బాగ సన్నగ రాసినవ్. చుట్టపోళ్లొస్తే చదవనొస్తదా? పెద్దగ రాయి" అన్నది. పాత కార్డు చించేసి, స్కెచ్ పెన్ను కోసం పక్కింటి పోరని బ్యాగు వెతుకుతున్న.